తెల్లవారకముందు చూసిన ఊళ్ళు

బ్యాంకు ఇన్‌స్పెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసినవాళ్ళకి ఊళ్ళు ఒక పద్ధతిలో గుర్తుంటాయి. ఫలానా బ్రాంచిలో బంగారం లోన్ల రిజిస్టరు గందరగోళం, ఫలానా ఊళ్ళో లాడ్జి శుభ్రంగా ఉండేది, ఫలానా చోట మెస్సులో గోంగూర పచ్చడి బాగుండేది. పాత కొలీగ్స్ కలిస్తే ఇప్పటికీ ఇవే మాటలు. నాకు మాత్రం ఏ ఊరి పేరు విన్నా ముందు అక్కడ పొద్దున్నే పరిగెత్తిన రోడ్డు గుర్తొస్తుంది. ఆ రోడ్డులో ఏ స్తంభానికి లైటు వెలిగేది కాదో, ఏ మలుపులో కుక్కలుండేవో, ఎవరు అందరికంటే ముందు పొయ్యి వెలిగించేవారో ఇప్పుడడిగినా చెప్పగలను. బ్రాంచి మేనేజర్ల పేర్లు చాలావరకు పోయాయి.

ఇప్పుడు ఆడపిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని, మోకాళ్ళ దాకా ఉన్న ట్రాక్‌లు వేసుకుని పార్కుల చుట్టూ పరిగెడుతుంటే చూసి ఎంత సంతోషపడతానో చెప్పలేను. ముప్ఫై నలభై ఏళ్ళ కిందట ఒక ఆడమనిషి ఒంటరిగా, తనది కాని ఊళ్ళో, చీకటితో రోడ్డెక్కితే ఆ ఊరు ఆమెని ఎలా చూసేదో రాసి పెట్టాలనిపించింది. నాకు తెలిసినంతలో, ఊరు ఎలాంటిదో తెలియాలంటే అంతకంటే మంచి పరీక్ష లేదు.

నా పరుగు మొదలైంది వాల్తేరులో. 1984లో ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మే చదువుతున్నాను. ఆ ఆగస్టులో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్. పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌ని 55.42 సెకన్లలో పూర్తిచేసి నాలుగో స్థానంలో నిలిచింది. సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోయింది. హాస్టల్లో అందరం పేపరు చుట్టూ మూగి ఏడ్చినంత పని చేశాం. అదే ఒలింపిక్స్‌లో ఇంకో గొప్ప సంగతి కూడా జరిగింది కానీ మాకప్పుడు పట్టలేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మారథాన్ పెట్టడం అదే మొదటిసారి. అమెరికా అమ్మాయి జోన్ బెనాయ్ గెలిచింది. అంతవరకూ ఆడవాళ్ళకి అంత దూరం పరుగు అక్కడ లేనే లేదని నేను తెలుసుకున్నది చాలా ఏళ్ళ తర్వాత.

నా రూమ్మేట్ శ్రీకాకుళం వైపు పల్లెటూరి పిల్ల. పేపరు మడిచి పక్కన పెట్టి, "మనమూ పరిగెడదామే రేపట్నుంచీ" అంది. ఎక్కడికి, ఎందుకు అని నేను అడగలేదు. ఆ సాయంత్రమే బాటాలో తెల్ల కాన్వాస్ బూట్లు కొన్నాం. చుడీదార్, పైన చున్నీ అడ్డంగా వేసి నడుం దగ్గర ముడి, అదీ మా వేషం. ఆడపిల్లలు పరిగెత్తడానికి వీలైన లోదుస్తులు మాకు తెలిసిన షాపుల్లో దొరికేవి కావు. ఉన్నవాటినే బిగించి కట్టుకుని సర్దుకునేవాళ్ళం. ఈ మాట మామూలుగా ఎవరూ రాయరు. ఆ రోజుల్లో పరిగెత్తిన ప్రతి ఆడదానికీ తెలిసిన ఇబ్బంది కాబట్టి రాస్తున్నాను.

క్యాంపస్ నుంచి బీచి రోడ్డుకి దిగే దారంతా వాలు. దిగేటప్పుడు కాళ్ళు వాటంతటవే పోయేవి, తిరిగొచ్చేటప్పుడు ఆ ఎత్తు ఎక్కడానికి ప్రాణం పోయేది. వాలు చివర ఒక్కసారిగా సముద్రం కనపడేది. కుడివైపు దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ దీపం తిరుగుతుండేది. లాసన్స్ బే వైపు వెళ్తే దారిలో జాలర్లు తెప్పలు ఇసకలోకి లాగుతూ కనిపించేవారు. సూర్యుడు నీళ్ళలోంచి పైకి వచ్చేది మా కళ్ళెదుటే. అది ఎంత అదృష్టమో పడమటి సముద్రం చూశాకగానీ నాకు తెలియలేదు.

మమ్మల్ని చూసి కొందరు నవ్వేవారు, సైకిళ్ళ మీద పోయేవాళ్ళు ఏదో ఒకటి అనేవారు. వల దగ్గర చేపలు కొనుక్కుని, తడి కారుతున్న గంప నెత్తిన పెట్టుకుని మార్కెట్టుకి బయల్దేరిన జాలరి ఆడవాళ్ళు మాత్రం మమ్మల్ని వింతగా చూడలేదు. వాళ్ళ నడకని నడక అనకూడదు. ఎండ ఎక్కేలోగా చేప అమ్ముడుపోవాలి కదా, ఒక చెయ్యి గంపకి పట్టి, ఇంకో చెయ్యి ఊపుకుంటూ మమ్మల్ని దాటుకుని పోయేవారు. ఒట్టి చేతుల్తో పరిగెత్తే మేం వాళ్ళ వెనకబడిపోయేవాళ్ళం. ఆ బీచి రోడ్డు మీద మాకంటే ఎన్నో ఏళ్ళ ముందే పరిగెత్తిన ఆడవాళ్ళు వాళ్ళు. ఎవరూ దాన్ని పరుగు అనలేదు, అంతే.

రెండో ఏడాది మధ్యలో నా రూమ్మేట్‌కి పెళ్ళి కుదిరింది. బూట్లు హాస్టల్లోనే వదిలేసి వెళ్ళింది. "నువ్వు మానకే" అంది రిక్షా ఎక్కుతూ. నేను మానలేదు.

తర్వాత బ్యాంకు ఉద్యోగం, తర్వాత పెళ్ళి. అత్తగారి ఊరు తెనాలి. కొత్త కోడలు తెల్లవారుజామున బూట్లు వేసుకుని గడప దాటితే ఏమవుతుందో అని రాత్రంతా టెన్షన్ పడ్డాను. ఐదింటికి మా అత్తగారు వాకిట్లో కళ్ళాపి చల్లుతున్నారు. నా కాళ్ళ వంక చూశారు. "ఎక్కడికమ్మా?" అన్నారు. కాలవగట్టు మీద కాసేపు పరిగెత్తి వస్తానని చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళి పాల క్యాను పట్టుకొచ్చి, "వస్తూ వస్తూ పాలు పోయించుకుని రా" అన్నారు. ఆ ఊళ్ళో ఎవరడిగినా నేను పాలకి వెళ్తున్న కోడలినే. ఖాళీ క్యాను చేత్తో పట్టుకుని తెనాలి కాలవగట్టు మీద ఎన్ని పొద్దులు పరిగెత్తానో. పాలు పోయించుకున్నాక మాత్రం నడిచి వచ్చేదాన్ని. ఆవిడ అలా ఎందుకు చేశారో నాతో ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ క్యాను లేకపోతే నా పరుగు అక్కడితో ఆగిపోయేది.

1990ల్లో నన్ను ఇన్‌స్పెక్షన్‌కి వేశారు. ఒక్కో బ్రాంచిలో రెండు మూడు వారాలు ఉండాలి. లాడ్జిలో దిగగానే అందరూ గీజరు పనిచేస్తోందా అని అడుగుతారు. నేను వాచ్‌మన్‌ని పట్టుకుని, ఊళ్ళో పొద్దున్నే లైట్లుండే రోడ్డు ఏది, కుక్కలు ఎటువైపు ఎక్కువ అని అడిగేదాన్ని. ఆ డ్యూటీలో నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. కొత్త ఊళ్ళో పరుగు బస్టాండు దగ్గర మొదలుపెట్టాలి, ఎందుకంటే ఏ ఊళ్ళోనైనా ముందు నిద్రలేచేది బస్టాండే. అక్కడ పేపరు కట్టలు విప్పి, పెద్ద పేపర్లో జిల్లా పేపరు దూర్చి సైకిళ్ళకి సర్దుకునే కుర్రాళ్ళుంటారు, పాల ప్యాకెట్ల ట్రేలు దింపే ఆటోలుంటాయి, టీ బండి ఉంటుంది. వెళ్ళిన దారినే తిరిగి రావాలి. అలా చేస్తే అవే మనుషులు మనల్ని రెండుసార్లు చూస్తారు, వెళ్ళిన మనిషి రాకపోతే వాళ్ళకి తెలుస్తుంది. కుక్క వెంటపడితే పరుగు ఆపి నడవాలి, దాని కళ్ళలోకి చూడకూడదు. మొదటిరోజు అందరూ చూస్తారు, మూడోరోజుకి పలకరిస్తారు, వారం తిరిగేసరికి రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. ఈ లెక్క కోస్తాలోనూ, సీమలోనూ, తెలంగాణలోనూ నాకు ఎక్కడా తప్పలేదు.

రాజమండ్రి గట్టు గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. లాడ్జి నుంచి బయటపడి కాసేపట్లో గోదావరి ఒడ్డుకి చేరేదాన్ని. కోటిలింగాల రేవు వైపు ఒక రోజు, వంతెనల వైపు ఒక రోజు. అప్పటికింకా పాత హేవలాక్ వంతెన మీద రైళ్ళు తిరుగుతున్నాయి. 1900లో మొదలైన ఆ వంతెనని 1997లో ఆపేశారు. దాని పక్కనే కమాన్ల కొత్త వంతెన లేస్తోంది. అవతల 1974లో వచ్చిన రోడ్డు రైలు వంతెన. చీకట్లో మెడ్రాసు వైపు వెళ్ళే బండి వంతెన ఎక్కితే ఆ చప్పుడు నీళ్ళ మీదుగా వచ్చి గట్టు మీద మన కాళ్ళ కిందకి చేరేది. పెట్టెల కిటికీల వెలుతురు నది మీద వరసగా పాకేది. బండి కొవ్వూరు చేరేలోపు నేను ఎంత దూరం వెళ్ళగలనో అని పందెం వేసుకునేదాన్ని, నాతో నేనే.

ఆషాఢం, శ్రావణంలో వెళ్తే నీళ్ళు ఎర్రగా, రేవు మెట్లు మింగేసి ఉండేవి. కార్తీకంలో వెళ్తే అదే రేవులో తెల్లవారకముందే ఆడవాళ్ళు వణుకుతూ మునకలు వేసి, అరటి దొప్పల్లో దీపాలు వదులుతుండేవారు. ఆ ఒక్క నెలా నాకు ఏ భయమూ లేదు. గట్టు పొడుగునా ఆడవాళ్ళే. పూలమ్మే ఒక మామ్మ నన్ను మొదటిసారి చూసి, బుట్ట పక్కన పెట్టి లేచి నిలబడి, "ఏవమ్మా, ఎవరైనా తరుముతున్నారేంటి?" అంది కంగారుగా. లేదు మామ్మా, ఆరోగ్యం కోసం అన్నాను. నమ్మలేదు. నా వెనక రోడ్డంతా ఒకసారి పరికించి చూసి, ఎవరూ లేరని తేల్చుకున్నాకే కూర్చుంది. తర్వాత రోజుల్లో నేను ఇటు తిరిగొచ్చేసరికి ఒక మూర కనకాంబరాలు తుంచి ఉంచేది. చెమటతో తడిసిన జడలో ఆ పూలు పెట్టుకునే నేను బ్రాంచికి వెళ్ళే ముందు పెసరట్టు తినడానికి కూర్చునేదాన్ని. తర్వాతి ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళేసరికి ఆ చోట ఇంకొకరు ఉన్నారు.

హనుమకొండలో భద్రకాళి చెరువు కట్ట. రెండో పక్కన గుట్టలు, రాళ్ళు, గుడి మైకులోంచి సుప్రభాతం. ఆదివారం వచ్చిందంటే కొంచెం పెద్ద పరుగు పెట్టుకుని వరంగల్ కోట దాకా పోయేదాన్ని. బయట మట్టికోట, లోపల రాతికోట, ఆ గోడల మధ్యే ఇళ్ళు, గొడ్లు, మొక్కజొన్న చేలు. దర్వాజా మలుపులు దాటుకుంటూ లోపలికి వెళ్తే మధ్యలో నాలుగు దిక్కులా నాలుగు కాకతీయ తోరణాలు. ఇప్పుడు టిక్కెట్టు కొని చూస్తారు. అప్పుడు పొద్దున్నే పడి ఉన్న శిల్పాల మధ్య ఇద్దరు ముగ్గురు పిల్లలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఓ రాతి తోరణం కిందనుంచి పరిగెత్తుకుంటూ వెళ్తుంటే, బర్రెను తోలుకుపోతున్న ముసలాయన, "ఎటు ఉరుకుతున్నవ్ బిడ్డా, బస్సు పోయిందా?" అని అడిగాడు. బస్సు కాదు తాతా, ఊరికే అన్నాను. "ఊరికెనా!" అని కాసేపు ఆలోచించి, "మంచిదే, ఉరుకు. ఉరికినన్ని రోజులే" అన్నాడు. ఆయన మామూలుగానే అని ఉంటాడు. ఇన్నేళ్ళయినా ఆ గొంతు నా చెవిలోనే ఉంది.

కర్నూల్లో మేలో పడింది డ్యూటీ. ఐదున్నరకే కొండారెడ్డి బురుజు రాళ్ళు వేడి కక్కుతున్నట్టుండేవి. తుంగభద్రలో నీళ్ళకంటే బండలే ఎక్కువ కనిపించేవి. అక్కడ నాలుగున్నరకే లేచి అరగంటలో ముగించేదాన్ని. ఆదిలాబాద్‌లో దానికి పూర్తిగా తిరగబడి డిసెంబరు. స్వెటరు వేసుకుని, చెవులకి స్కార్ఫు చుట్టుకుని పరిగెత్తిన ఊరు మన రాష్ట్రంలో అదొక్కటే. రోడ్డు పక్కన టైరు ముక్కలు, పుల్లలు మంటేసుకుని కూర్చున్న ఆటో డ్రైవర్లు జరిగి చోటిచ్చేవారు. చేతులు కాచుకుని మళ్ళీ పరుగు.

అన్ని ఊళ్ళూ ఇలాగే ఉన్నాయని రాస్తే అబద్ధమవుతుంది. ఒక ఊళ్ళో, పేరు చెప్పను, స్కూటరు మీద ఒకడు వరసగా నా పక్కనే నెమ్మదిగా వచ్చేవాడు. మాట్లాడేవాడు కాదు, అదే ఎక్కువ భయం. చెప్పుకోవడానికి ఎవరున్నారు? ఆఫీసులో చెప్తే, "అసలు ఆ టైములో మీకు రోడ్డు మీద పనేంటి మేడమ్" అంటారని తెలుసు. ఆ రోజు లాడ్జికి తిరిగొచ్చి ఇక రేపట్నుంచి వద్దనుకున్నాను. సాయంత్రం బస్టాండు టీ బండి దగ్గర ఆగితే, పేపరు కుర్రాళ్ళలో పెద్దవాడు, పద్దెనిమిదేళ్ళుంటాయేమో, దగ్గరకొచ్చి, "మేడమ్, ఆ స్కూటరు సంగతి మేం చూసుకున్నాం. మీరు రేపు రండి" అన్నాడు. ఏం చూసుకున్నారో అడగలేదు. మర్నాడు నా ముందు ఒక సైకిలు, వెనక ఒక సైకిలు, పేపర్లు విసురుకుంటూ. వాళ్ళ లైను అటువైపు కాదని నాకు తర్వాత తెలిసింది. ఆ రెండు వారాలూ వాళ్ళు ముందు నా దారిలో తిరిగి, తర్వాత తమ లైనుకి వెళ్ళేవారు. ఏ ఇంటి వాళ్ళు పేపరు ఆలస్యమైందని తిట్టారో వాళ్ళని. ఆ పిల్లలు ఇప్పుడు యాభైకి దగ్గరపడి ఉంటారు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

తర్వాత ట్రైనింగ్ డ్యూటీ మీద బొంబాయిలో కొన్నాళ్ళున్నాను. ఊరి పేరు అప్పుడే ముంబైగా మారింది. మెరీన్ డ్రైవ్ మీద మొదటి పొద్దు ఎంత ఆశ్చర్యపోయానో! నారిమన్ పాయింట్ నుంచి చౌపాటీ దాకా మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు వంపు. షార్ట్స్ వేసుకుని పరిగెత్తే అమ్మాయిలు, పంజాబీ డ్రెస్సుల మీద బూట్లు వేసుకుని చకచకా నడిచే గుజరాతీ ఆడవాళ్ళు, కుక్కపిల్లల్ని పట్టుకుని పార్సీ పెద్దాయనలు. ఎవరూ ఎవరి వంకా చూడరు. అన్నేళ్ళలో పరుగు పెడుతున్నంతసేపూ నన్నెవరూ చూడకపోవడం నాకదే మొదటిసారి. భుజాల మీంచి ఏదో బరువు దిగినట్టయింది. ఆ బరువు అంతకాలం మోస్తున్నానని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రోజు నేను వెనక్కి తిరిగి చూసుకోకుండా పరిగెత్తాను.

ఒక్కటే వెలితి. పడమటి సముద్రం కదా, పొద్దున సూర్యుడు ఆ పాత ఆర్ట్ డెకో మేడల వెనకాలనుంచి వస్తాడు. ఆ మేడల నీడ చాలాసేపు ఫుట్‌పాత్ మీదే ఉంటుంది, ఎండ ముందు దూరంగా నీళ్ళ మీద పడుతుంది. పరిగెత్తేవాళ్ళకి నీడ మంచిదే. కానీ వైజాగ్‌లో పెరిగిన కాళ్ళకి సముద్రం ఒడ్డున సూర్యుడు వీపు వైపు నుంచి రావడం ఎన్నాళ్ళకీ అలవాటు కాలేదు. జులై వస్తే అలలు ఆ నాలుగు కాళ్ళ సిమెంటు దిమ్మల మీదుగా ఎగిరి రోడ్డు మీద పడేవి. తడిసి ముద్దయి, అలాగే గెస్ట్‌హౌస్‌కి వచ్చి, ఇరానీ హోటల్లో బన్ మస్కా తెప్పించుకుని తినేదాన్ని. అక్కడే 2004లో మారథాన్ మొదలైంది. మొదటిసారి టీవీలో చూస్తూ, ఇది నా రోడ్డు అని మా ఇంట్లో వాళ్ళందరికీ చూపించాను.

కలకత్తాలో జనవరి మంచు. మైదాన్‌లో పది అడుగుల దూరం కనిపించేది కాదు. గంట మోగేది, అప్పట్లో ఖిద్దర్‌పూర్ వెళ్ళే ట్రాము మంచులోంచి వచ్చి మంచులోకే వెళ్ళిపోయేది. మంకీ క్యాపులు పెట్టుకున్న పెద్దమనుషులు, గుర్రాల మీద పోలీసులు, ఎక్కడో బంతి తన్నే చప్పుడు. మట్టి ముంతలో టీ తాగి ముంత కింద పడేయడానికి మనసొప్పక ఒకటి దాచుకుని తెచ్చాను, ఇప్పటికీ మా వంటింట్లో అందులో లవంగాలుంటాయి.

ఎల్‌టీసీ మీద, అంటే ఆఫీసు ఇచ్చే ప్రయాణ ఖర్చుల మీద, మా వారూ నేనూ లద్దాఖ్‌లోని లేహ్ వెళ్ళాం. అది సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. గాలి ఒత్తిడి మన దగ్గర ఉండేదానిలో మూడింట రెండు వంతులే, అంటే ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ అంత తక్కువ. మొదటి రెండు రోజులు గదిలోంచి కదలకండి అని హోటలాయన గట్టిగా చెప్పాడు, కదల్లేదు. మూడో పొద్దున బయల్దేరితే వంద గజాలకే గుండె చెవుల్లో కొట్టుకుంది. మా వారు పరిగెత్తరు, నడుస్తారు. ఆ రోజు ఆయన నడకా నా పరుగూ ఒక్క వేగమే. పెళ్ళయ్యాక మేమిద్దరం పక్కపక్కనే సాగిన ఒకే ఒక పరుగు అది. ప్రార్థన చక్రం తిప్పుకుంటూ ఎదురొచ్చిన ఒక లద్దాఖీ అవ్వ మమ్మల్ని చూసి నిండుగా నవ్వి "జూలే" అంది. అక్కడ నమస్కారానికీ అదే, థాంక్స్‌కీ అదే. పోప్లర్ చెట్ల వెనక మంచు కొండలు, ఎండ తగిలి పైనుంచి కిందకి రంగు మారుతూ వస్తున్నాయి. ఫోటో తీయడానికి కూడా నా దగ్గర ఊపిరి లేదు. ఆయనే తీశారు.

అమ్మాయి ఫ్రీమాంట్‌లో స్థిరపడ్డాక కాలిఫోర్నియా వెళ్ళడం మొదలైంది. అక్కడ లేక్ ఎలిజబెత్ అని ఒక చెరువు. చుట్టూ రెండు మైళ్ళ చిల్లర దారి. నడిచేవాళ్ళలో మన వాళ్ళు, ముఖ్యంగా పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు చాలామంది. బాతుల గుంపులు దారికడ్డంగా నడుస్తుంటాయి, మంకీ క్యాపులూ అక్కడ కూడా దర్శనమిస్తాయి. "మీదే ఊరండీ?" అన్న ప్రశ్న మన బస్టాండులో కంటే అక్కడే ఎక్కువసార్లు విన్నాను. పరిగెత్తుతున్నదాన్ని ఆపి మరీ అడుగుతారు. ఏలూరు ఆవిడ ఒకరు మోకాళ్ళ నొప్పులకి ఏం వాడుతున్నారో చెప్తూ ఒక చుట్టు తిరిగారు నాతో. ఆవిడకి ఇంగ్లీషు రాదు, కారు రాదు, ఇంట్లో అందరూ ఆఫీసులకి వెళ్ళిపోతారు. రోజు మొత్తంలో తనంతట తాను వెళ్ళే చోటు ఆ చెరువుగట్టు ఒక్కటే. నా తెనాలి పాల క్యాను సంగతి ఆవిడకి చెప్తే చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఒక ఆదివారం అమ్మాయి శాన్ ఫ్రాన్సిస్కోలో క్రిస్సీ ఫీల్డ్‌కి తీసుకెళ్ళింది. నీళ్ళ పక్కనే పరుగు, ఎదురుగా గోల్డెన్ గేట్ వంతెన. ఆ దారి వంతెన కింద ఫోర్ట్ పాయింట్ దగ్గర కంచెతో ఆగిపోతుంది. కంచెకి రెండు అరచేతులు గీసిన బోర్డు ఉంది. పరిగెత్తుకుంటూ వచ్చిన ప్రతివాళ్ళూ ఆ చేతులకి చేతులు తగిలించి వెనక్కి తిరుగుతారు. వంతెన మీద పనిచేసిన హాపర్ అనే ఇనుప పని కార్మికుడి పేరు మీద దాన్ని హాపర్స్ హ్యాండ్స్ అంటారట. జనం ఒట్టి కంచెని తాకి తిరిగి వెళ్ళడం చూసి ఆయన పెట్టించినవి. కింద కుక్కల కోసం పంజాల బోర్డు కూడా ఉంది. మా అమ్మాయి నాకంటే ముందు వెళ్ళి చేతులు తగిలించి, నా కోసం నిలబడింది. నేను వచ్చి తగిలించాను. ఇద్దరం రొప్పుతూ నవ్వుకున్నాం. దానికి పరుగు నేను నేర్పలేదు. చిన్నప్పుడు నిద్రలేచి నా తడి బూట్లు చూసేది, అంతే.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్ మిద్దె మీద, ఎండబెట్టిన దుప్పట్ల మధ్య గుండ్రంగా తిరిగాను. అప్పుడు కళ్ళు సగం మూసుకుని, ఈ రోజు రాజమండ్రి, ఈ రోజు వరంగల్ అనుకుంటూ పరిగెత్తేదాన్ని. మలుపులన్నీ గుర్తొచ్చేవి.

అంతకు కొన్నేళ్ళ ముందు వైజాగ్‌లో నా రూమ్మేట్ దొరికింది. ఎవరో పెళ్ళి వీడియోలో చూసి నంబరు సంపాదించి ఫోన్ చేసింది. మర్నాడే వైజాగ్ రైలెక్కాను. పొద్దున్నే బీచి రోడ్డులో కాళీమాత గుడి దగ్గర కలుసుకున్నాం. నేను ట్రాక్ ప్యాంటు, అది చీర, హవాయి చెప్పులు. మా రోజుల్లో లేనివి చాలా వచ్చాయి. ఉదయం పూట ఆ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తున్నారు, రోడ్డంతా నడిచేవాళ్ళదే. కురుసుర సబ్‌మెరైన్‌ని ఇసకలోకి తెచ్చి 2002లో మ్యూజియం చేశారు. ఎక్కడ చూసినా ఆడపిల్లలు, గుంపులు గుంపులుగా, ఒంటరిగా, మాట్లాడుకుంటూ, పరిగెడుతూ. అది చాలాసేపు వాళ్ళనే చూస్తూ నిలబడింది. "వీళ్ళనెవరూ ఏమీ అనట్లేదే" అంది. తర్వాత చెప్పింది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి వాళ్ళ ఊళ్ళో తెల్లవారుజామున చెరువు దాకా పరిగెత్తిందట. ఇంట్లో పెద్ద రాద్ధాంతం అయిందట. మళ్ళీ ఎప్పుడూ పరిగెత్తలేదు. ముప్ఫై ఏళ్ళ మాట, నాలుగు ముక్కల్లో చెప్పేసి, కొంగు నడుముకి చుట్టి దోపింది. చెప్పులు విప్పి నా చేతికిచ్చింది. "సబ్‌మెరైన్ దాకా" అంది.

పరిగెత్తింది. మధ్యలో రెండుసార్లు ఆగింది, మళ్ళీ పరిగెత్తింది. దాని చెప్పులు చేత్తో పట్టుకుని నేను వెనకే. నన్ను ఊరూరా తిప్పిన పరుగు మొదట దాని మాటలోనే పుట్టింది కదా. అది ఆ మాట అనకపోతే నేను ఆ బూట్లు కొనేదాన్నే కాదు. సబ్‌మెరైన్ దగ్గర గట్టు మీద కూలబడి ఇద్దరం ఏడ్చాం. అప్పట్నుంచీ అది రోజూ నడుస్తోంది, వారానికోసారి ఫోన్ చేసి ఎంత దూరం నడిచిందో చెప్తుంది.

ఇప్పుడు మోకాళ్ళలో గుజ్జు అరిగిందన్నారు డాక్టరు గారు. కొంచెం నడక, కొంచెం పరుగు అని ఒప్పందానికి వచ్చాం. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న దారిలో వెళ్తాను, లోపలనుంచి నెమళ్ళ అరుపులు వినిపిస్తూ ఉంటాయి. ప్రయాణాల్లో బూట్లు మాత్రం ఇప్పటికీ విడి సంచిలోనే వస్తాయి.

వచ్చే నెల మా చిన్న ఆడపడుచు మనవరాలి పెళ్ళి, రాజమండ్రిలో. ముహూర్తం తెల్లవారుజామున నాలుగున్నరకట. అక్షింతలు వేసి, తలంబ్రాలు చూసి బయటపడితే గట్టు మీదకి వెళ్ళడానికి సరిగ్గా సరిపోతుంది అన్నాను మా వారితో. "పట్టుచీరలోనా?" అన్నారు. డ్రెస్సూ బూట్లూ కారులో పెట్టమన్నాను.